కారు హారన్ వినపడని 20 కిలోమీటర్లు

ప్రశ్న: నా వయసు 41. మియాపూర్‌లో ఉంటాం. తెనాలిలో ఇంటర్ చదివే రోజుల్లో రోజూ సైకిల్ మీదే కాలేజీకి వెళ్లేదాన్ని. మళ్లీ ఇన్నేళ్లకి మొన్న సంక్రాంతికి ఒక హైబ్రిడ్ సైకిల్ (నున్నటి రోడ్డుకీ, కొంచెం గతుకుల దారికీ పనికొచ్చేది) కొనుక్కున్నాను. మూడో రోజే మెయిన్ రోడ్డు మీద ఒక బస్సు నన్ను రాసుకున్నంత దగ్గరగా పోయింది. చేతులు వణికిపోయి, దిగి, ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను. అప్పటి నుంచి సైకిల్ బాల్కనీలోనే ఉంది. మావారు "ఇదంతా మనకెందుకు, జిమ్‌కి వెళ్లు" అంటున్నారు. మా బాబుకి 11 ఏళ్లు, వాడిని కూడా తీసుకెళ్లాలని ఉంది. అసలు హైదరాబాద్‌లో ట్రాఫిక్ లేని రోడ్లు ఉన్నాయా? కారు హారన్ వినపడకుండా 20 కిలోమీటర్లు తొక్కాలని నా కోరిక. ఎప్పటికైనా 50 తొక్కగలనా? దానికి రోడ్ బైక్ (వేగం కోసం చేసిన సన్న టైర్ల సైకిల్) కొనాలా?
– మియాపూర్ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం:

మీరు దిగి నడిపించుకుంటూ వచ్చారు చూడండి, ఆ పని కరెక్ట్. చేతులు వణుకుతున్నప్పుడు హ్యాండిల్ నిలకడగా ఉండదు, అలాంటప్పుడు ఇంకో కిలోమీటరు మొండిగా తొక్కితేనే ప్రమాదం. "భయం అదే పోతుంది, రోజూ మెయిన్ రోడ్డు మీదే తొక్కు, అలవాటైపోతుంది" అని చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఆ సలహా ఎవరికీ ఇవ్వను. బస్సు వచ్చి తగిలితే మనం అలవాటు పడ్డామా లేదా అని అది చూడదు. తెనాలిలో మీరు తొక్కిన రోజుల్లో రోడ్డు మీద సగం సైకిళ్లే ఉండేవి, వెనకాల వచ్చే లారీ డ్రైవరుకి సైకిల్ కనపడటం మామూలు విషయం. ఇక్కడ డ్రైవర్లకి సైకిల్ అలవాటు లేదు. తప్పు మీలో వెతకొద్దు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. రోజంతా ట్రాఫిక్ లేని రోడ్డు కోసం వెతికితే హైదరాబాద్‌లో మీకు ఒకటో రెండో తప్ప దొరకవు. ఏ రోడ్డు, ఏ వేళ, ఏ వారం, ఈ మూడూ కలిపి చూసుకోవాలి. గండిపేట చెరువు దారి మంగళవారం ఆరింటికి ఒక లోకం, ఆదివారం ఎనిమిదింటికి ఇంకో లోకం. ఇది ఒకసారి పట్టుబడితే మీకు 20 కాదు, 50 కిలోమీటర్లకి కూడా దారులు కనపడతాయి. కానీ అంతకంటే ముందు కళ్లు మూసుకుని వెళ్లగలిగే చోటు ఒకటుంది, అది మీకు దగ్గరే.

ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న సోలార్ సైకిల్ ట్రాక్ గురించి వినే ఉంటారు. 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. మొత్తం 23 కిలోమీటర్లు, నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన పొడుగునా సోలార్ పలకల కప్పు, ఆ పలకల సామర్థ్యం 16 మెగావాట్లు. రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, రెండోది నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కిలోమీటర్లు. మొదటి ముక్క నార్సింగి మీదుగానే పోతుంది కాబట్టి రెండూ అక్కడ కలుస్తాయి. దక్షిణ కొరియాలో హైవే మధ్యలో ఇలాగే సోలార్ కప్పు వేసి సైకిల్ దారి కట్టారు, దాన్ని చూసి వచ్చాక మన దగ్గర ఇది మొదలుపెట్టారు. కొరియా దారి హైవే నడుమ ఉంటే, మనది సర్వీస్ రోడ్డు పక్కన ఉండటం వల్ల మధ్యలో ఆగొచ్చు, నీళ్లు తాగొచ్చు, అలిసిపోతే ఎవరికైనా ఫోన్ చేసి కారు తెప్పించుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఇది ఎంత ధైర్యమో నాకు బాగా తెలుసు.

మియాపూర్ వాళ్లకి కొల్లూరు చివర నుంచి మొదలుపెట్టడం మంచిది. అందరూ నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపే పోతారు, ఆదివారం అక్కడ కార్లు ఆపుకోవడానికే తిప్పలు పడాలి. కొల్లూరు వైపు జనం తక్కువ. అక్కడి నుంచి నార్సింగి దాకా వెళ్లి తిరిగొస్తే 29 కిలోమీటర్లు. మీరు అడిగిన 20కి, పదో కిలోమీటరు దగ్గర వెనక్కి తిరిగితే చాలు. మొదటి రోజు మాత్రం 20 పెట్టుకోకండి. అయిదు కిలోమీటర్లు వెళ్లి వెనక్కి రండి, పది అవుతుంది. వెళ్లేటప్పుడు గాలి వెనక నుంచి తోస్తుంటే "ఇంత తేలికా" అనిపిస్తుంది, వెనక్కి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురై కాళ్లు లాగేస్తాయి. కప్పు ఎండనైతే ఆపుతుంది గానీ గాలిని ఆపదు, ఆ ప్రాంతమంతా బయలు. అందుకే వెళ్లేటప్పుడే మీ బలంలో సగం కంటే తక్కువ ఖర్చు పెట్టాలని లెక్క వేసుకోండి.

ట్రాక్ మీద కూడా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. కార్లు లేవని పూర్తిగా పరధ్యానంగా వెళ్లొద్దు. వాకింగ్‌కి వచ్చేవాళ్లు నలుగురు వరసగా మాట్లాడుకుంటూ నడుస్తుంటారు, పిల్లలు అటూ ఇటూ మెలికలు తిరుగుతారు, గుంపుగా వచ్చే రోడ్ బైక్ కుర్రాళ్లు గంటకి 30 పైన వస్తారు. మీరు ఎడమ వైపు ఒకే గీతలో వెళ్లండి, దాటాలంటే కుడి నుంచి, దాటే ముందు బెల్ కొట్టి. సైకిల్‌కి బెల్ లేకపోతే ఇవాళే పెట్టించండి, చాలా హైబ్రిడ్‌లకి కొన్నప్పుడు ఉండదు. ట్రాక్‌కి అడ్డంగా దారులు వచ్చే చోట్ల తప్పకుండా నెమ్మదించి, రెండు వైపులా చూసి, అవసరమైతే దిగి దాటండి. ట్రాక్ మీదే హాయిగా వచ్చి వచ్చి, ఆ ఊపులో అడ్డరోడ్డు దాటేయబోతారు, అక్కడే దెబ్బ తగిలేది. ఔటర్ చుట్టూ రోడ్డు పనులు ఎప్పుడూ జరుగుతూనే ఉంటాయి, ట్రాక్‌లో ఒక ముక్క మూసి ఉండొచ్చు, కాబట్టి మొదటిసారి వెళ్లేటప్పుడు కారులో సర్వీస్ రోడ్డు మీద ఒక చుట్టు చూసుకుని రండి.

ఇంకొకటి, ఔటర్ మెయిన్ రోడ్డు మీదికి పొరపాటున కూడా ఎక్కకండి. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి సైకిళ్లు, టూ వీలర్లు ఎక్కకూడదు. మ్యాప్ చూసుకుంటూ వెళ్లేటప్పుడు ఎక్కే ర్యాంపూ సర్వీస్ రోడ్డూ కలిసిపోయినట్టు కనపడే చోట్లు ఉన్నాయి, అక్కడ బోర్డు చూసి కదలండి.

మియాపూర్ నుంచి కొల్లూరు దాకా ఎలా వెళ్లాలన్నది ఇందులో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. చందానగర్, లింగంపల్లి మీదుగా పాత ముంబై హైవే, అక్కడి నుంచి తెల్లాపూర్. ఆ దారిలో సైకిల్ మీద వెళ్లొద్దని మీకు ఖచ్చితంగా చెప్తాను, కనీసం మొదటి ఆరు నెలలు. ఊళ్లో ట్రాఫిక్ లేని దారులున్నా ఎక్కువమంది మానేయడానికి కారణం ఇదే: మంచి చోటుకి చేరాలంటే చెడ్డ చోటు దాటాలి. కాబట్టి సైకిల్‌ని కారులో తీసుకెళ్లండి. ముందు చక్రం చాలా సైకిళ్లకి చేత్తో లివర్ తిప్పి ఊడదీయొచ్చు, వెనక సీటు మడిచేస్తే మామూలు చిన్న కారులో కూడా పడుతుంది. కింద పాత దుప్పటి పరవండి, గేర్లు ఉన్న కుడి వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి, లేకపోతే గేరు మార్చే భాగం వంగిపోతుంది. తర్వాత ఇద్దరికీ సైకిళ్లు అయితే కారు వెనక తగిలించుకునే ర్యాక్ కొనుక్కోవచ్చు, కానీ అది నంబర్ ప్లేటునీ లైట్లనీ కప్పేయకుండా చూసుకోవాలి. ఆదివారం తెల్లవారుజామున కారులో అరగంట కూడా పట్టదు.

ఇక వేళ. "పొద్దున్నే వెళ్తే ఖాళీగా ఉంటుంది" అని అందరూ అంటారు, అందులో సగమే నిజం. పగటి పూట పెద్ద బండ్లకి సిటీలో ఆంక్షలు ఉంటాయి, అందువల్ల టిప్పర్లు, రెడీమిక్స్ లారీలు, నీళ్ల ట్యాంకర్లు రాత్రంతా తిరిగి తెల్లవారేలోపు ఆఖరి ట్రిప్పు ముగించాలని పరిగెడుతుంటాయి. కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ చుట్టూ ఎక్కడ చూసినా కట్టడాలే కాబట్టి అక్కడ ఈ బెడద ఇంకా ఎక్కువ. అలాగే శనివారం రాత్రి పార్టీలు ముగించుకుని ఇళ్లకి పోయే కార్లు ఆదివారం నాలుగు, అయిదు గంటల మధ్య రోడ్ల మీద ఉంటాయి. ఖాళీ రోడ్డు, వెడల్పు రోడ్డు, నిద్ర మత్తు లేదా మందు మత్తు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు చూడటానికి ఎంత బాగుంటాయో ఆ వేళ అంత భయం వేస్తుంది నాకు. రద్దీ రోడ్డు మీద బండి 30లో పోతుంది, ఖాళీ రోడ్డు మీద 100లో పోతుంది. కాబట్టి చీకట్లో బయలుదేరకండి. హైదరాబాద్‌లో సూర్యోదయం మే చివర్లో 5:40 ప్రాంతంలో, జనవరిలో 6:45 దాటాక అవుతుంది, అంటే కాలాన్ని బట్టి ఒక గంట తేడా. అలారం ఏడాదంతా అయిదింటికి పెట్టుకోవడం కాకుండా, వెలుతురు వచ్చిన పది నిమిషాలకి సీటు ఎక్కేలా పెట్టుకోండి. ట్రాక్ మీద లైట్లు ఉంటాయి కాబట్టి అక్కడ ఫర్వాలేదు, మామూలు రోడ్డు మీద మాత్రం ఇది నియమంగా పెట్టుకోండి. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వేసే ఉంచండి.

ట్రాక్ మీద ఒక నెల, నెలన్నర తొక్కాక మీకే విసుగు పుడుతుంది. అదే కప్పు, అవే స్తంభాలు. అప్పుడు గండిపేట వైపు వెళ్లండి. హైదరాబాద్ సైక్లిస్టులు చాలామంది రోడ్డు మీద తొక్కడం నేర్చుకున్నది అక్కడే, నేను కూడా. 1908లో మూసీ వరద వచ్చి ఊరు కొట్టుకుపోయాక, మళ్లీ అలా జరగకూడదని నిజాం కాలంలో కట్టిన చెరువులివి. గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1996లో వచ్చిన 111 జీవో ఈ రెండు జలాశయాల చుట్టూ 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు రాకుండా ఆపింది. ఆ ఒక్క కాగితం వల్లే సిటీకి ఇంత దగ్గర్లో ఇంకా చేలు, తోటలు, చెట్ల నీడ ఉన్న దారులు మిగిలాయి. ఆ ఆంక్షలు ఎత్తేయాలని ఈ మధ్య నిర్ణయాలు కూడా జరిగాయి, వాటి గురించి చదివినప్పుడల్లా నాకు ముందు గుర్తొచ్చేది ఆ దారులే. తాగునీళ్ల గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడాలి కూడా, కానీ ఆ చుట్టుపక్కల ఒక్కో విల్లా వెంచర్ వచ్చినప్పుడల్లా ఒక్కో సైకిల్ దారి పోతుంది, అది మాత్రం ఎవరి లెక్కలోనూ రాదు.

గండిపేటకి మామూలు రోజుల్లో వెళ్లండి, పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర లోపు. ఆ తర్వాత సీబీఐటీ, ఎంజీఐటీ కాలేజీ బస్సులు మొదలవుతాయి, ఇరుకు రోడ్డు మీద బస్సు వెనక బస్సు. మీకు బస్సుతోనే భయం పట్టుకుంది కాబట్టి ఆ టైము అసలు వద్దు. ఆదివారమైతే బస్సులు ఉండవు గానీ ఏడు దాటాక సిటీ అంతా చెరువు చూడటానికి వస్తుంది. రోడ్డు పక్కన టిఫిన్ బండ్ల దగ్గర కార్లు ఎటుపడితే అటు ఆగి ఉంటాయి, ఆగిన కారు తలుపు ఒక్కసారిగా తెరుచుకోవడం సైకిల్ తొక్కేవాళ్లకి వచ్చే పెద్ద ప్రమాదాల్లో ఒకటి. ఆగి ఉన్న కారు పక్కనుంచి వెళ్లేటప్పుడు తలుపంత దూరం వదిలి వెళ్లండి, లోపల తల కనపడితే ఇంకా నెమ్మదించండి. చిలుకూరు వైపు శుక్ర, శని, ఆదివారాలు వద్దు. బాలాజీ గుడికి 108 ప్రదక్షిణలు చేయడానికి వచ్చేవాళ్లతో ఆ దారి నిండిపోతుంది. సోమ, మంగళ వారాల్లో అదే దారి ఎంత ప్రశాంతంగా ఉంటుందో చెప్పలేను, మృగవని పార్కు పక్కన నెమళ్ల అరుపులు కూడా వినిపిస్తాయి.

ఔటర్ సర్వీస్ రోడ్ల గురించి కూడా మీకు చెప్తారు. హిమాయత్‌సాగర్ వైపు సర్వీస్ రోడ్డు మంచిదే, తారు నున్నగా ఉంటుంది, ఎత్తుపల్లాలు కాళ్లకి బాగా పని పెడతాయి. కానీ నేను రెండేళ్ల కింద అక్కడే పడ్డాను. దిగుడు మీద వస్తున్నా, లారీ నుంచి రాలిన ఇసుక మలుపులో పరుచుకుని ఉంది, బ్రేక్ పట్టాను, ముందు చక్రం జారింది. మోచేయి గీరుకుపోయింది, హెల్మెట్ పగిలింది, తల పగల్లేదు. మీకు పనికొస్తుందని చెప్తున్నా: ఇసుక మీద బ్రేక్ పట్టకూడదు, హ్యాండిల్ తిప్పకూడదు, ఇసుక మొదలయ్యే ముందే వేగం తగ్గించి, తిన్నగా, పెడల్ ఆపి, దాటిపోవాలి. సర్వీస్ రోడ్డు మీద ఎదురు దారిలో వచ్చే మోటార్ సైకిళ్లు కూడా మామూలే, దూరం నుంచే చూసి ఎడమ అంచుకి రండి. ఇంటర్‌చేంజ్ దగ్గర పెద్ద సర్కిల్ వస్తుంది, ఔటర్ దిగే కార్లు అదే వేగంతో అందులోకి వస్తాయి. అక్కడ దిగి నడిచి దాటడానికి మొహమాటపడొద్దు. ఇరవై ఏళ్ల నుంచి తొక్కేవాళ్లు కూడా దిగుతారు.

కుక్కల గురించి మీరు అడగలేదు గానీ మొదటి నెలలోనే అడుగుతారు, కాబట్టి ఇప్పుడే చెప్పేస్తాను. కుక్క వెంటపడేది తిరుగుతున్న కాళ్ల వెంట. వేగం పెంచితే ఇంకా వస్తుంది. నెమ్మదించండి, గట్టిగా "హే" అనండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. ఆగకపోతే దిగి సైకిల్‌ని మీకూ దానికీ మధ్య పెట్టుకుని నడవండి. కాలితో తన్నబోతే బ్యాలెన్స్ తప్పి పడేది మనమే. ఒకవేళ కరిస్తే చిన్న గాటే అని వదిలేయకుండా వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి.

రోడ్ బైక్ అక్కర్లేదు. 50 కిలోమీటర్లకి మీ హైబ్రిడ్ చాలు, 100కి కూడా చాలు. ఆ డబ్బులో కొంత పెట్టి ముందు సీటు సరిచేయించండి. మడమ పెడల్ మీద పెట్టి, పెడల్ కిందికి ఉన్నప్పుడు కాలు పూర్తిగా చాపితే సరిగ్గా ఆనాలి, అదే సీటు ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగంతో తొక్కుతారు కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మన దగ్గర చాలామంది ఆడవాళ్లు, ఆగినప్పుడు రెండు కాళ్లూ నేలకి ఆనాలని సీటు బాగా కిందికి దించేస్తారు, దాంతో రెండు వారాల్లో మోకాళ్ల నొప్పి వస్తుంది, తప్పు సైకిల్ మీదికో వయసు మీదికో పోతుంది. ఆగేటప్పుడు సీటు నుంచి ముందుకి దిగి ఒక కాలు కింద పెట్టడం ట్రాక్ మీద పది సార్లు ప్రాక్టీస్ చేయండి. గేరు తేలికగా పెట్టుకుని కాళ్లు వేగంగా తిప్పండి, బరువు గేరులో నెమ్మదిగా తొక్కితే బలం పెరుగుతుందనుకోవద్దు, మోకాలి మీద భారం పడుతుంది. టైరు పక్కన ఎంత గాలి ఉండాలో అంకెలు రాసి ఉంటాయి, వారానికోసారి చూసుకోండి, గాలి తక్కువైతే గుంతలో పడగానే ట్యూబు రెండు చోట్ల పాము కాటులా చిరుగుతుంది. ఒక స్పేర్ ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ లివర్లు రెండు, చిన్న పంపు సీటు కింద సంచిలో ఉండాలి. ట్యూబు మార్చడం ఇంట్లో కూర్చుని మీ బాబుతో కలిసి రెండుసార్లు చేసి చూడండి, పిల్లలకి ఈ పని భలే ఇష్టం.

50 కిలోమీటర్ల సంగతి. మీరు గంటకి 15 కిలోమీటర్లు తొక్కుతారనుకుందాం, కొత్తవాళ్లకి అది మంచి వేగమే. కొల్లూరు నుంచి నార్సింగి దాదాపు గంట. వారానికి మూడుసార్లు, రెండు చిన్నవి, ఒకటి పెద్దది. పెద్దదాన్ని ప్రతి వారం రెండు మూడు కిలోమీటర్లు పెంచుకుంటూ పోండి, నాలుగో వారం కొంచెం తగ్గించి కాళ్లకి విశ్రాంతి ఇవ్వండి. ఇలా పోతే నాలుగయిదు నెలల్లో ట్రాక్ మొత్తం, రెండు ముక్కలూ, రానూ పోనూ తొక్కేస్తారు, అది 46 కిలోమీటర్లు. మిగతా నాలుగు ఎక్కడ కలుపుకోవాలో అప్పటికి మీకే తెలుస్తుంది. గంటకి అర లీటరు నీళ్లు, దాహం వేయకముందే. గంటన్నర దాటే రోజు అరటిపండు గానీ, రెండు ఖర్జూరాలు గానీ, చిన్న బెల్లం పల్లీపట్టీ గానీ జేబులో ఉండాలి. ఆ తర్వాత ఎవరైనా "బ్రెవేకి (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్‌కి) రండి, 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటల్లో" అని పిలుస్తారు, సైకిల్ తొక్కేవాళ్ల మధ్యకి వెళ్తే ఆ పిలుపు తప్పదు. అది మీరు ఇప్పుడు ఆలోచించాల్సిన విషయం కాదు.

బాత్రూమ్ విషయం ఎవరూ రాయరు, అందుకే చెప్తున్నా. ఆడవాళ్లు నీళ్లు తాగకుండా సైకిల్ తొక్కడానికి కారణం అదే, తలనొప్పితో ఇంటికి చేరడానికి కారణమూ అదే. మీ దారిలో ఎక్కడ పెట్రోల్ బంకు ఉంది, ఎక్కడ హోటల్ పొద్దున్నే తెరుస్తారు, ముందే కారులో వెళ్లినప్పుడు చూసి పెట్టుకోండి. తెరిచి ఉన్న చోటు తెలిస్తే నీళ్లు తాగడానికి టెన్షన్ ఉండదు.

ఒంటరిగా వెళ్లడం ఇష్టం లేకపోతే గుంపులు ఉన్నాయి. హైదరాబాద్ బైసైక్లింగ్ క్లబ్ లాంటివి కొత్తవాళ్లతో నెమ్మదిగా తొక్కే రైడ్లు పెడుతుంటాయి. చేరే ముందు ఒక ప్రశ్న అడగండి: "వెనకబడినవాళ్ల కోసం ఆగుతారా?" ఆగుతామంటేనే వెళ్లండి. నలుగురు కలిసి తొక్కుతుంటే వెనక వచ్చే డ్రైవరుకి దూరం నుంచే కనపడతారు, ఒక్కరున్నప్పటి కంటే చోటు ఎక్కువ ఇస్తారు. ఇది నేను ఎన్నోసార్లు గమనించాను.

మీవారి గురించి. ఆయన వద్దనేది సైకిల్‌ని కాదేమో, ఆ బస్సుని. ఆ రోజు మీరు వణుకుతూ ఇంటికొచ్చింది ఆయన చూశారు కదా. మొదటి ఆదివారం ఆయన్నే కారు నడపమనండి, కొల్లూరు దగ్గర దింపి, మీరు పది కిలోమీటర్లు తిరిగొచ్చేదాకా ట్రాక్ మీద వాకింగ్ చేయమనండి. కార్లు లేని ఆ దారి కళ్లతో చూశాక నేను రాసే ఏ మాటా అక్కర్లేదు. ఆ తర్వాత మీ ఫోన్‌లో లైవ్ లొకేషన్ ఆన్ చేసి వెళ్లండి, ఎక్కడి నుంచి వెనక్కి తిరుగుతారో ముందే చెప్పండి.

ఇంకో కోరిక కూడా నా మనసులో ఉంది, చెప్పకుండా ఉండలేను. కొలంబియాలో బొగోటా అనే పెద్ద నగరం ఉంది, 1974 నుంచి అక్కడ ఆదివారాలు, సెలవు రోజుల్లో పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం రెండు దాకా వంద కిలోమీటర్లకి పైగా మెయిన్ రోడ్లు కార్లకి మూసేసి సైకిళ్లకీ నడిచేవాళ్లకీ వదిలేస్తారు. ట్రాక్ కట్టలేదు, కప్పు వేయలేదు, బారికేడ్లు అడ్డం పెట్టారు, అంతే. మన విశాఖలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బండ్లు ఆపుతారు, అక్కడ ఆ వేళ పిల్లలు రోడ్డు మధ్యలో సైకిల్ నేర్చుకోవడం నేను చూశాను. హైదరాబాద్‌లో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపితే జనం ఎలా విరగబడి వచ్చారో అందరికీ తెలుసు. మరి మియాపూర్ నుంచి ఒక తల్లి సైకిల్‌ని కారులో ఎక్కించుకుని కొల్లూరు దాకా పోవాల్సిన అవసరం ఎందుకుండాలి? ఆదివారం మూడు గంటలు మీ పక్క రోడ్డు మూయమని మీ కార్పొరేటర్‌కి, ట్రాఫిక్ పోలీసులకి ఒక అర్జీ రాయండి, మీ అపార్ట్‌మెంట్ వాళ్లతో సంతకాలు పెట్టించండి. నేను కూడా మా వైపు నుంచి రాస్తూనే ఉన్నాను.

బాబు విషయానికి వస్తే, వాడిని మొదట ట్రాక్‌కి తీసుకెళ్లొద్దు. కొత్తగూడలో బొటానికల్ గార్డెన్ పక్కన పాలపిట్ట సైక్లింగ్ పార్కు ఉంది, మీకు దగ్గరే. చెట్ల మధ్య దారి, బండ్లు రావు, అద్దెకి సైకిళ్లు కూడా ఉంటాయి కాబట్టి వాడికి సైకిల్ కొనకముందే ఏ ఎత్తు సరిపోతుందో చూసుకోవచ్చు. "పెరుగుతాడు కదా" అని పెద్ద సైకిల్ కొనకండి, బ్రేకు లివర్ వేళ్లకి అందాలి, నిలబడితే ముందు రాడ్డుకీ వాడికీ మధ్య ఖాళీ ఉండాలి. అక్కడ వాడు మూడు పనులు నేర్చుకోవాలి: ఒక చెయ్యి వదిలి సైగ చేయడం, తల తిప్పి వెనక్కి చూసినా సైకిల్ వంకర పోకుండా తిన్నగా ఉంచడం, రెండు బ్రేకులూ కలిపి నెమ్మదిగా పట్టడం. రెండోది పెద్దవాళ్లకే రాదు, మీరు కూడా వాడితో కలిసి నేర్చుకోండి.

అవి వచ్చాక కొల్లూరుకి ఇద్దరూ వెళ్లండి. వాడు ముందు, మీరు వెనక, ఒక సైకిల్ పొడుగు దూరంలో, కొంచెం కుడి పక్కకి. అప్పుడు వాడు ఎటు కదులుతున్నాడో మీకు కనపడుతుంది, వెనక నుంచి వేగంగా వచ్చేవాళ్లు ముందు మిమ్మల్ని చూసి పక్కకి తీసుకుంటారు. వేగం వాడిదే ఉండనివ్వండి. అడ్డరోడ్డు వచ్చే ముందు "ఆగు" అని ఒకే మాట అనాలని ఇద్దరూ ముందే అనుకోండి. మొదటి రోజు ఎక్కడ అలిసిపోతే అక్కడే ఆగి, నీళ్లు తాగి, వెనక్కి తిరిగి రండి.